చలికాలపు చుక్కల కోసం మూడు బసలు

జనవరి మధ్యలో, అమావాస్యకు రెండు రోజుల ముందు బయల్దేరాం నేనూ మా చెల్లీ. నాలుగు రాత్రులు, మూడు చోట్లు. పని ఒక్కటే: చలికాలపు ఆకాశాన్ని తనివితీరా చూడడం. వెంట ఒక 10×50 బైనాక్యులర్స్, దుప్పట్లు, ఎర్ర కాగితం చుట్టిన టార్చి ఉన్నాయి. ఏ బసలో పడక ఎంత మెత్తగా ఉందో ఇక్కడ రాయను. ఏ బసలో ఎన్ని చుక్కలు కనిపించాయో, ఎందుకు కనిపించాయో రాస్తాను.

మొదటిది కొండ మీది రిసార్ట్. ఎత్తుకు వెళ్తే ఆకాశం బాగుంటుందని దాన్ని ఎంచుకున్నాం. బుకింగ్ పేజీలో పెట్టిన ఫొటో కూడా బాగా ఊరించింది. కాటేజీ పైకప్పు మీదుగా పొగలా దట్టంగా పాలపుంత. అక్కడికి వెళ్ళాక తెలిసింది, అది వేసవిలో తీసిన ఫొటో అని. పాలపుంత నడిబొడ్డు ధనూరాశి వైపు ఉంటుంది. జనవరిలో సూర్యుడు దాదాపు అటువైపే ఉంటాడు కాబట్టి రాత్రిపూట అది కనిపించే వీల్లేదు. ఈ కాలంలో మనం చూసేది గెలాక్సీ బయటి అంచు వైపు. అటు పాలపుంత పలచగా ఉంటుంది, మంచి చీకటి ఉంటేనే చిక్కుతుంది. చలికాలం అందం పాలపుంతది కాదు, విడివిడిగా మెరిసే పెద్ద చుక్కలది. ఆ మాట చెప్పి గది అమ్మినా మేం సంతోషంగా తీసుకునేవాళ్ళం.

తోటలో లైట్లు తెల్లవార్లూ వెలుగుతూనే ఉన్నాయి. ఒక గంట ఆపమని అడిగితే, "సెక్యూరిటీ ప్రాబ్లం మేడం" అన్నారు. గది బాల్కనీ ఉత్తరం వైపు ఉంది. దాంతో దక్షిణపు ఆకాశంలోని అసలు సందడంతా మా వెనక గోడ అవతలే ఉండిపోయింది. దొరికింది బ్రహ్మహృదయం (కాపెల్లా) అనే నక్షత్రం ఒక్కటే. లేత పసుపు రంగు, 43 కాంతి సంవత్సరాల దూరం (వెలుగు ఏడాదిలో వెళ్ళేంత దూరం ఒక కాంతి సంవత్సరం). ఒక్క చుక్కగా కనిపించినా నిజానికి అందులో నాలుగు నక్షత్రాలున్నాయి. దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాం. కానీ ఆ రిసార్ట్‌కి మళ్ళీ వెళ్ళను.

రెండో రాత్రి చెరువు గట్టున టెంట్లలో. మనుషులు మంచివాళ్ళు, లైట్లూ తక్కువే. "టెలిస్కోప్ షో" ఉందన్నారు. పదిహేను మంది వరుసలో నిలబడితే ఒక్కొక్కరికీ ఇరవై సెకన్లు కూడా రాలేదు. చూపించింది లుబ్ధకుణ్ణి, అదే సిరియస్‌ని. రాత్రి ఆకాశంలో కనిపించే నక్షత్రాలన్నిటిలోకీ ప్రకాశవంతమైనది, 8.6 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఎరుపు, నీలం, ఆకుపచ్చ తళుకులు చూసి పిల్లలు కేరింతలు కొట్టారు. ఆ రంగులు నక్షత్రానివి కావు. ఆ తెల్లని వెలుగును మన గాలి అలా విరిచి చూపిస్తుంది. అలాంటి టెలిస్కోప్‌లో ఏ నక్షత్రమైనా చుక్కలాగే ఉంటుంది. అదే టెలిస్కోప్‌ను కాస్త పక్కకు తిప్పి ఒరాయన్ నెబ్యులా అనే వాయు మేఘాన్ని చూపిస్తే ఆ వరుసలో నిలబడినందుకు ఫలితం దక్కేది. పది దాటాక నీటి మీంచి పొగమంచు లేచింది. బైనాక్యులర్స్ అద్దాల మీద చెమట పట్టినట్టు సన్నని బిందువులు. తుడిస్తే మళ్ళీ పట్టాయి. చలికాలంలో చుక్కల కోసం వెళ్ళేవాళ్ళకు నీటి ఒడ్డు పనికిరాదని ఆ రాత్రి నాకు స్థిరపడిపోయింది.

మూడోది మెట్ట పొలాల మధ్య ఒంటరి ఇల్లు. గదులు మామూలువి, వేడినీళ్ళు బకెట్‌తో తెచ్చిస్తారు. ఫోన్‌లోనే రెండు ప్రశ్నలు అడిగాను: దక్షిణం వైపు చెట్లూ గోడలూ అడ్డు లేకుండా ఖాళీగా ఉందా? బయటి లైటు ఆపుతారా? ఇల్లు చూసుకునే పెద్దాయన రెండింటికీ ఔనన్నాడు. వెళ్ళిన సాయంత్రం ఆయనే స్విచ్ తీసి, "చీకట్లో భయం వెయ్యదా అమ్మా?" అని అడిగాడు.

కళ్ళు చీకటికి అలవాటు పడడానికి అరగంట కావాలి. ఆ అరగంటలో ఒక్కసారి ఫోన్ తెర చూసినా మళ్ళీ మొదటికే వస్తుంది. మేం ఫోన్లు గదిలో పెట్టి వచ్చాం. చీకటి పడేసరికే తూర్పున వేటగాడు, అంటే ఒరాయన్ నక్షత్రమండలం, పక్కకు వాలి పడుకున్నట్టు పైకొస్తున్నాడు. నడుము దగ్గరి మూడు చుక్కలూ నిలువుగా ఒకదాని కింద ఒకటి. చలికాలపు ఆకాశానికి దారిచూపే గుర్తు అదే. ఆ గీతను కిందికి పొడిగిస్తే లుబ్ధకుడు, పైకి పొడిగిస్తే ఎర్రని రోహిణి, ఇంకా పైకి వెళ్తే కృత్తికలు.

కృత్తికలు మామూలు కంటికి ఆరో ఏడో. బైనాక్యులర్స్ పెట్టగానే చెల్లి "అబ్బా" అని ఆగిపోయింది. నల్లని గుడ్డ మీద ఉప్పు రవ్వలు చల్లినట్టు డజన్ల కొద్దీ. 1610లో గెలీలియో తన చిన్న దుర్భిణితో చూసి అక్కడ 36 చుక్కలు గీశాడు. పెద్దాయన కూడా చూశాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మా అమ్మ దీన్ని పిల్లలకోడి అనేది. ఇన్ని పిల్లలున్నాయని ఆవిడకు తెలీదు" అన్నాడు.

తొమ్మిదిన్నరకు ఒరాయన్ బాగా పైకొచ్చింది. ఒక భుజాన ఆర్ద్ర నారింజ ఎరుపులో, ఎదుటి పాదాన రైజెల్ నీలి తెలుపులో. ఎరుపుది చల్లని నక్షత్రం, నీలిది వేడిది. 2019 చివర్లో ఆర్ద్ర బాగా మసకబారినప్పుడు పేలిపోతుందేమోనని ప్రపంచమంతా ఎదురుచూసింది. అది వదిలిన వాయువు చల్లబడి ధూళిగా మారి అడ్డొచ్చిందని తర్వాత తేలింది. నడుము కింద వేలాడే కత్తి మధ్యలో బూడిద రంగు మసక కనిపించింది, చెరువు దగ్గర చూపించని ఒరాయన్ నెబ్యులా అదే. నేరుగా కాకుండా కాస్త పక్కకు చూస్తే అది ఇంకా విప్పారుతుంది. కొత్త నక్షత్రాలు పుడుతున్న చోటు అది, దాదాపు 1,300 కాంతి సంవత్సరాల దూరం. ఈ ఒక్కదాని కోసమైనా చీకటి వెతుక్కుంటూ వెళ్ళాలి.

పదకొండు దగ్గరపడుతుండగా దక్షిణాన, బాగా కిందుగా, అగస్త్యుడు. ప్రకాశంలో లుబ్ధకుడి తర్వాతి స్థానం ఇతనిదే. ఉత్తరాన 37 డిగ్రీల అక్షాంశం దాటి ఉన్నవాళ్ళకు అసలు ఉదయించడు. మొదటి రిసార్ట్‌లో మా గది వెనకనే ఉండిపోయాడు, చెరువు దగ్గర మంచులో మునిగిపోయాడు. ఇక్కడ పొలం గట్టు మీద నిశ్చలంగా వెలుగుతున్నాడు.

ఆ ఇంట్లో లోపాలూ ఉన్నాయి. రాత్రి రెండింటికి బాత్రూమ్ కోసం ఆవరణ దాటి వెళ్ళాలి, కుర్చీలు వెనక్కి వాలవు. మేం మంచం బయట వేయించుకున్నాం. చివరి రోజు బయల్దేరేముందు డిసెంబర్ 13, 14 రాత్రులకు రెండు మంచాలు కావాలని పెద్దాయనకు చెప్పాను, జెమినిడ్ ఉల్కలు ఎక్కువగా రాలేది అప్పుడే. ఆయన గోడ మీది క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో తేదీ రాసుకుని, పక్కన "లైటు వద్దు" అని కూడా రాశాడు.