ఇంటి ఖర్చుల పుస్తకం: ఏళ్ల తరబడి రాశాక నా సమీక్ష

పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టిన అలవాటు ఇది. ఇప్పుడు మా పెద్దమ్మాయి ఇంటర్ చదువుతోంది. మధ్యలో ఖర్చులు లెక్కపెట్టే యాప్‌లు కూడా వాడి చూశాను కానీ, చివరికి నిలిచింది రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్కే. రాస్తే డబ్బు మిగులుతుందా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. మిగులుతుంది. అయితే రాయడం మొదలుపెట్టగానే ఖర్చు తగ్గిపోతుందని మాత్రం అనుకోకండి, ఆ ఊపు నెల కూడా ఉండదు. ఏడాది తిరిగాకే దీని విలువ తెలుస్తుంది. ఏ నెలలో ఏ ఖర్చు మీద పడుతుందో ముందే కనబడుతుంది. ఒక్కసారి సరిచేస్తే మళ్లీ తలచుకోనక్కర్లేని దుబారా ఎక్కడుందో దొరుకుతుంది.

నేను రాసే పద్ధతి చెబుతాను. ఎడమ పేజీలో ఇంటికి వచ్చిన డబ్బు. కుడి పేజీలో నిలువు గీతలు కొట్టి గడులు: పాలు, కూరగాయలు, కిరాణా, కరెంటు-గ్యాస్, పెట్రోలు-ఆటో, మందులు, చదువు, చదివింపులు, బయటి తిండి. ‘ఇతరాలు’ అనే గడి పెట్టను. పెడితే నెలాఖరుకి సగం ఖర్చులు అందులోకే చేరి, పుస్తకం ఉన్నా లేనట్టే అవుతుంది. ప్రతి అంకె పక్కన నగదు అయితే ‘న’, ఫోన్లో కట్టినదైతే ‘ఫో’ అని రాస్తాను. ఈ చిన్న గుర్తు ఎంత పని చేస్తుందో మాటల్లో చెప్పలేను. గత శ్రావణంలో ఒక రోజు పేజీ తీస్తే: పాలు 66 న, తోటకూర 20 న, టీ-సమోసా 50 ఫో, ఆన్‌లైన్‌లో తెప్పించిన సరుకులు 212 ఫో. ఆ 212లో మాకు నిజంగా కావలసినవి పెరుగు, బ్రెడ్డు. రెండూ కలిపి వంద దాటవు. మిగతాదంతా డెలివరీ చార్జీ తప్పుతుందని బుట్టలో వేసిన చిప్స్, బిస్కెట్లు. ఇలాంటివి నాలుగైదు పేజీల్లో వరుసగా కనబడ్డాక, ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఫోన్లో తెప్పించాలనుకున్నది ముందు ఫ్రిజ్ మీద కాగితంలో రాయాలి, మర్నాడు కూడా కావాలనిపిస్తేనే తెప్పించాలి. చాలావాటిని మర్నాటికి ఎవరూ అడగరు.

యాప్‌ల సంగతి. మెసేజ్‌లు చదివి మొత్తం అవే కూడిపెడతాయి, అది సుఖమే. కానీ కిరాణా కొట్లో కందిపప్పు కొన్నా, అదే కొట్లో పిల్లలకు చాక్లెట్లు కొన్నా యాప్‌కి తేడా తెలియదు. నగదు ఖర్చు దానంతటదే ఎక్కదు. పైగా మన మెసేజ్‌లన్నీ చదివే అనుమతి ఎవరికో ఇవ్వడం నాకు నచ్చలేదు. చేత్తో రాసేటప్పుడు ప్రతి ఖర్చూ ఇంకొకసారి మనసులోంచి దాటుతుంది, యాప్‌లో అది జరగదు.

పుస్తకం వల్ల మాకు బాగా కలిసొచ్చింది కరెంటు దగ్గర. వేసవి నెలల్లో బిల్లు ఒక్కసారిగా ఎందుకు ఎగురుతోందో చూద్దామని, రూపాయల పక్కనే యూనిట్లు కూడా రాయడం మొదలుపెట్టాను. తెలంగాణలో 2022లో సవరించిన రేట్ల ప్రకారం నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి 100కి యూనిట్ రూ.3.40, తర్వాతి 100కి రూ.4.80. అంటే 200 యూనిట్లకు రూ.820. ఒక్క యూనిట్ దాటి 201 అయిందంటే, మొదటి 200 యూనిట్ల రేటూ రూ.5.10కి మారిపోతుంది, ఆపై యూనిట్‌కు రూ.7.70. బిల్లు రూ.1,027 దాటుతుంది. ఒక్క యూనిట్‌కి రెండు వందల పైచిలుకు! ఇతర చార్జీలు దీనికి అదనం. తెల్ల రేషన్ కార్డుతో రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లు వచ్చే ఇళ్లకైతే ఈ 200 గీత మరీ ముఖ్యం. ఆంధ్రప్రదేశ్‌లో పద్ధతి వేరు, అక్కడ శ్లాబు (ఒక రేటు వర్తించే యూనిట్ల మెట్టు) దాటిన యూనిట్లకే ఎక్కువ రేటు పడుతుంది.

మా ఇంటి వాడకం వేసవిలో నెలకు 220 యూనిట్ల దగ్గర ఉండేది. హాల్లో, పడగ్గదిలో ఎక్కువసేపు తిరిగే రెండు ఫ్యాన్లు మార్చాం. పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారుది) ఫుల్ స్పీడులో కూడా 30 వాట్ల చుట్టుపక్కలే. రోజుకు 14 గంటలు తిరిగే ఫ్యాను మీద నెలకు 19 యూనిట్ల దాకా మిగులుతుంది, రెండింటి మీద 38. అంటే 220 కాస్తా 182 అవుతుంది, రూ.1,174 వచ్చే చోట రూ.734 వస్తుంది. మామూలు ఫ్యాను కంటే ఖరీదు ఎక్కువే అయినా ఈ లెక్క చూశాక సందేహించలేదు. వీటిలో లోపాలూ ఉన్నాయి. రిమోట్‌తో నడిచే రకానికి గోడ మీది పాత రెగ్యులేటర్ పనికిరాదు, రిమోట్ కనబడకపోతే ఇల్లంతా వెతుకులాట. లోపలి బోర్డు పోతే వీధి చివరి మెకానిక్ బాగుచేయలేడు. వారంటీ ఎన్నేళ్లో చూసుకుని కొనండి. ఏసీ ఉన్నవాళ్లు 26 మీద పెట్టి పక్కన ఫ్యాను వేసుకుంటే సరిపోతుంది.

ఇక జూన్ నెల. బడులు తెరిచే ముందు ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. ఈ ఖర్చు ఏటా వస్తుందని తెలియని ఇల్లు ఉండదు, అయినా ఏటా అప్పు కోసం తిరిగే ఇళ్లు ఎన్నో చూస్తున్నాను. నేను కిందటి జూన్ పేజీ మొత్తాన్ని పన్నెండుతో భాగించి, ఆ మొత్తానికి బ్యాంకులో ఏడాది ఆర్డీ (నెలనెలా ఒకే మొత్తం కట్టే డిపాజిట్) వేస్తాను, మే నెలాఖరుకి చేతికొచ్చేలా. జీతం పడిన మర్నాడే కిస్తు దానంతటదే కట్ అవుతుంది. ఖాతాలో ఉంచి మిగిలింది దాచుకుందాం అంటే, ఏ నెలా మిగలదు. ఇంత టెన్షన్ తగ్గించిన పని నాకు ఇంకొకటి తెలియదు.

పెద్ద అవసరాలకు పోస్టాఫీసు ఐదేళ్ల ఆర్డీ. నెలకు రూ.100తో కూడా తెరవవచ్చు. 2023 అక్టోబరులో వడ్డీ 6.7 శాతం అయింది. ఆ రేటుతో తెరిచిన ఖాతాలో నెలకు వెయ్యి కడితే, కట్టిన 60 వేలకు చివర రూ.71,300 పైన వస్తుంది. కిస్తు తప్పితే వందకు రూపాయి చొప్పున జరిమానా. పన్నెండు కిస్తులు కట్టాక అందులో సగం దాకా అప్పు తీసుకోవచ్చు. దీని ఇబ్బంది ఏమిటంటే, మూడేళ్లయ్యాక గడువుకు ముందే మూసేస్తే సేవింగ్స్ ఖాతా వడ్డీ మాత్రమే వస్తుంది. అందుకే మధ్యలో కదపనవసరం లేనంత మొత్తమే వేయాలి. ఏజెంటు ఇంటికొచ్చి కట్టించుకుంటే ఆ కమీషన్ మన డబ్బులోంచి పోదు, కానీ పాస్‌బుక్‌లో ఎంట్రీ పడిందో లేదో ప్రతి నెలా మీరే చూసుకోండి.

చీటీల గురించి అడుగుతారు కాబట్టి ఒక మాట. మా కాలనీలో రిజిస్ట్రేషన్ లేని చీటీ నడిపినావిడ రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసింది, తెలిసినవాళ్లు చాలామంది మునిగారు. రిజిస్టరైన చిట్‌లో ఆ భయం తక్కువే, అయినా చిట్ ఫండ్ల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత నిర్వాహకుల కమీషన్ చీటీ మొత్తంలో 7 శాతం దాకా ఉండవచ్చు. పాట పాడి డబ్బు ఎత్తుకోవలసిన అవసరం ఉన్నవాళ్లకు అది సరే, ఉత్తి పొదుపుకైతే నేను వెళ్లను.

మందుల గడిలో పెద్ద తేడా వచ్చింది అత్తమ్మ బీపీ మాత్రల దగ్గర. డాక్టరుగారిని అడిగి, అదే మందును బ్రాండు పేరు లేకుండా చవగ్గా అమ్మే ప్రభుత్వ పథకం దుకాణం, జన ఔషధి కేంద్రంలో తీసుకుంటున్నాం. బ్రాండు ధరలో సగం కూడా పడదు. ఒక్కోసారి స్టాకు ఉండదు, అందుకని ఇంకా పది రోజులకు మాత్రలు ఉండగానే వెళ్తాం.

ఎండుమిర్చి, చింతపండు కొత్త సరుకు వచ్చే ఫిబ్రవరి-ఏప్రిల్‌లో ఏడాదికి సరిపడా కొంటాం. కందిపప్పు అలా కొనం, పురుగు పడుతుంది.

పుస్తకం చెడగొట్టే సంగతి కూడా చెప్పాలి. ఇంట్లో వాళ్లను నిలదీయడానికి వాడితే ఇది నాలుగు రోజుల్లో మూలన పడుతుంది. మా అత్తమ్మ మొదట్లో “గుళ్లో హుండీలో ఏసిన పది రూపాయలు కూడా రాయాల్నా బిడ్డా?” అని అడిగింది. “అక్కర్లేదత్తమ్మా” అన్నాను. అప్పటి నుంచి ఇంట్లో పెద్దవాళ్లు ముగ్గురికీ చేతి ఖర్చు అని కొంత విడిగా ఉంటుంది, దానికి లెక్క అడగం. మా ఆయన తన టీ ఖర్చు రాయరు, రాయనక్కర్లేదు కూడా. మూడు రోజులు రాయడం తప్పితే గుర్తుండదు, ఆ లోటును ఊహించి నింపకుండా ‘గుర్తులేదు’ అని రాసి ముందుకు పోవడమే మంచిది.

మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఒకటో తేదీ దాకా ఆగనక్కర్లేదు. బాల్ పెన్ను వాడండి, జెల్ పెన్నుతో రాసింది తడి చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. పాత పుస్తకాలు కనీసం మూడేళ్లు దాచండి. మూడు జూన్ పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఫీజు ఏటా ఎంత పెరుగుతోందో తెలుస్తుంది, వచ్చే ఏడాది ఆర్డీ కిస్తు ఎంత పెట్టాలో తేలిపోతుంది.