మూత మీద నిప్పులు వేసే ఇనుప కుండ: ఏళ్ల తరబడి వాడాక

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రానికి వచ్చిన కొత్తలో కొన్న 12 అంగుళాల క్యాంప్ డచ్ ఓవెన్‌ను ఇప్పటికీ పెరట్లో వంటకు వాడుతున్నాం. పోత ఇనుము, కింద మూడు పొట్టి కాళ్లు, మూత చుట్టూ ఎత్తైన అంచు. కాళ్ల వల్ల కింద నిప్పులకు చోటు దొరుకుతుంది. అంచు వల్ల మూత మీది నిప్పులు జారిపోవు, జాగ్రత్తగా ఎత్తితే బూడిద కూరలో పడదు. వేరే ఓవెన్ లేకుండానే రొట్టె కాలుతుంది.

ఒకప్పుడు ఇక్కడి ప్లాట్ నది వెంట బండ్లు కట్టుకుని పడమటికి వెళ్లిన కుటుంబాలకు సరిగ్గా ఇదే కావాల్సింది. ఆ దారిలో చెట్లు తక్కువ. ఎండిన బైసన్ (అమెరికా అడవి దున్న) పేడ ఏరుకొచ్చి వంట చేసేవాళ్లు. తర్వాత, స్థిరపడి సాగు చేసేవాళ్లకు ప్రభుత్వ భూమి ఇచ్చిన 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు తీసుకుని, గడ్డి వేళ్లతో సహా కోసిన మట్టి దిమ్మెలతో ఇళ్లు కట్టుకున్నవాళ్లు మొక్కజొన్న కండెలు, మెలిపెట్టిన ఎండుగడ్డి కూడా కాల్చారు. అవి గబగబా మండి ఆరిపోతాయి. వేడిని పట్టి ఉంచే మందపాటి ఇనుము వాళ్లకెంత ఆసరాగా ఉండి ఉంటుందో, ఇక్కడి గాలిలో ఆరుబయట వండితే బాగా అర్థమవుతుంది.

మాకు కుదిరిన లెక్క: బొగ్గు బ్రికెట్లు (బొగ్గుపొడిని అచ్చు వేసిన దిమ్మెలు) మూత మీద 15, కింద 9. సుమారు 175 డిగ్రీల సెల్సియస్ వేడి వస్తుంది. మధ్యమధ్యలో కుండను ఒకవైపు, మూతను ఇంకోవైపు పావు చుట్టు తిప్పితే మాడదు. మొక్కజొన్న రొట్టె చక్కగా వస్తుంది. కానీ నాకు ప్రాణం దిబ్బరొట్టె! మూత మీద నిప్పులు వేసి కాల్చడం మనవాళ్లకు ఎప్పటి నుంచో తెలిసిన పద్ధతే. పైనా కిందా ఎర్రగా కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉంటుంది. గ్యాస్ మీద నాన్‌స్టిక్‌లో నాకెప్పుడూ అలా రాలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఖాళీ కుండే దాదాపు 9 కిలోలు. చింతపండు, టమాటా ఎక్కువసేపు ఉడికితే లోపలి నూనె పూత పోయి ఇనుము రుచి తగులుతుంది, కాబట్టి పులుసులకు ఇది పనికిరాదు. కడిగాక సెగ మీద ఆరబెట్టి పల్చగా నూనె రాయాల్సిందే, లేకపోతే తుప్పు పడుతుంది. కాలుతున్న కుండలో చన్నీళ్లు పోస్తే పగిలే ప్రమాదముంది.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు కాళ్లు లేని రకం కొనండి, కాళ్ల వల్ల దీని అడుగు గాజు స్టవ్‌కు ఆనదు. పెరడు ఉంటే మాత్రం కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. కొనే ముందు మూత పెట్టి కదిపి చూడండి. కటకటా ఆడితే ఆవిరి నిలవదు, ఇంకోటి అడగండి.