తేళ్ళను పట్టించే ఊదా టార్చి: మా మిద్దెలో వాడి చూశాక

తేళ్ళ బెడద ఉన్న ఇంట్లో తప్పకుండా ఉండాల్సిన వస్తువు ఈ యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి. ఒక్క మాట ముందే చెప్తాను. ఇది తేళ్ళను తరమదు, చంపదు. అవి ఎక్కడున్నాయో, ఎటునుంచి వస్తున్నాయో చూపిస్తుంది, అంతే. మాకు కావలసింది కూడా అదే.

మాది కర్నూలు జిల్లా కోడుమూరు. పాత మట్టి మిద్దె. పైన దూలాలు, దంతెలు, కింద నాపబండలు. పెరట్లో రాతిగోడ, దాన్ని ఆనుకుని కట్టెలు. ఇట్లాంటి ఇంట్లో తేలుకు చోటుకు కొదవ ఉండదు. పగలంతా సందుల్లో ఉండి, చీకటి పడ్డాక బొద్దింకలు, కీచురాళ్ళ కోసం బయటికొస్తుంది. మామూలు టార్చి వేస్తే రాతి రంగులో కలిసిపోయి కనబడదు. ఈ టార్చి వేస్తే మాత్రం ఆకుపచ్చా నీలమూ కలిసిన రంగులో ధగధగా మెరుస్తుంది. తేలు పైపెంకులో ఉండే కొన్ని పదార్థాలకు అతినీలలోహిత కాంతి తగిలితే అట్లా వెలుగుతాయి. అది విడిచిన కుబుసం కూడా మెరుస్తుంది. కట్టెల సందులో కుబుసం కనబడిందంటే అక్కడ తేలు కాపురం ఉన్నట్టే.

కొనేటప్పుడు చూసుకోవాల్సింది నానోమీటర్ల అంకె, అంటే కాంతి తరంగం పొడవు. 395 అని రాసి ఉన్నవి చవక, నాలుగైదు వందలకే వస్తాయి. కానీ వాటి ఊదా వెలుతురు గోడంతా పరుచుకుని కంటికి అడ్డం పడుతుంది. 365 ఉన్నదానికి ధర దాదాపు రెట్టింపు. అందులో ఆ ఊదా రంగు తక్కువ, తేలు విడిగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మా ఇంట్లో ఇప్పుడు వాడేది 365దే. ఐదారు అడుగుల దూరం నుంచి బాగా చూపిస్తుంది.

వెలిగేదంతా తేలు కాదు. బట్టలుతికే బండ మీద ఒలికిన సబ్బుపొడి, తీగ మీద ఆరేసిన తెల్లపంచె కూడా మెరుస్తాయి. అయితే అవి తెలుపు నీలంగా ఉంటాయి, తేలు ఆకుపచ్చగా ఉంటుంది. మొదట్లో మా అత్తమ్మ "రాత్రిపూట పెరట్లో ఆ దీపం పట్టుకుని తిరిగేదేందమ్మా" అనేది. గాబు పక్కన ఒక తల్లితేలును చూపించాక తనే టార్చి అడిగి తీసుకుంది. తల్లి ఒళ్ళంతా వెలుగుతోంది, వీపు మీద ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న పిల్లలు మాత్రం పాలిపోయి ఉన్నాయి. అప్పుడే పుట్టిన పిల్లల పైపెంకు ఇంకా గట్టిపడి ఉండదు, అందుకే అవి పెద్దవాటిలా మెరవవు.

నిజమైన లాభం తర్వాత వచ్చింది. రాత్రులు వరసగా చూస్తే ఎక్కువగా కట్టెల దగ్గరా, స్నానాలగది తూము దగ్గరా, పెరటి తలుపు కింది సందు దగ్గరా కనిపించాయి. కట్టెలను గోడకు దూరంగా, నేలకు ఎత్తుగా పేర్చాం. తూముకు సన్నని జాలీ వేయించాం. తలుపు కింద రబ్బరు పట్టీ కొట్టించాం, బండల సందులు సిమెంటుతో పూడ్పించాం. మంచాలు గోడకు ఆనించడం మానేశాం. ఇప్పుడు ఇంట్లోకి రావడం బాగా తగ్గింది. మందు పిచికారీ మీద నాకంత నమ్మకం లేదు. తేలుకు నేరుగా తగిలితే తప్ప పెద్దగా పనిచేయదు. బొద్దింకలను తగ్గించడమే మేలు, తిండి లేని చోట తేలుకు పనుండదు.

మా ఊళ్ళో శ్రావణమాసం మూడో సోమవారం కొండ మీద కొండలరాయుడికి తేళ్ళను నైవేద్యం పెడతారు. రాళ్ళెత్తి చేత్తోనే పట్టుకుంటారు. అది చూసి పెరిగిన పిల్లలకు తేలంటే భయం తక్కువ. అందుకే తేడా చెప్పాలి. నల్లతేలు పెద్దది, డెక్కలు (ముందరి పట్టుకునే చేతులు) లావు, తోక సన్నం. కుడితే నొప్పి ఎక్కువే గానీ సాధారణంగా ప్రాణం మీదికి రాదు. ఎర్రతేలు చిన్నది, డెక్కలు సన్నం, తోక లావు. ప్రమాదం దీనితోనే. టార్చి కింద రెండూ ఒకే రంగులో ఉంటాయి కాబట్టి డెక్కలనూ తోకనూ చూడాలి. ఏదైనా సరే, పొడుగాటి పట్టకారుతోనే తీయాలి.

కుట్టాక చెమటలు పట్టినా, వాంతులైనా, చేతులూ కాళ్ళూ చల్లబడినా క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పోవాలి. పిల్లలనైతే ఇవేవీ కనబడకపోయినా వెంటనే తీసుకుపోవాలి. కోయడం, గట్టిగా కట్టు కట్టడం వద్దు. మంత్రం కోసం గంటలు పోగొట్టుకోవద్దు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ బీపీకి వాడే ప్రజోసిన్‌తో ఎర్రతేలు విషానికి వైద్యం చేసి ఎన్నో ప్రాణాలు నిలబెట్టారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ మందు సంగతి తేళ్ళున్న ప్రతి ఊరికీ తెలియాలని నా కోరిక.

టార్చిలో లోపాలూ ఉన్నాయి. వీధిదీపం వెలుతురు పడే చోట సరిగా చూపించదు. పూర్తిగా చీకటి ఉండాలి. బండ కిందో, గోడ సందు లోపలో ఉన్న తేలు దీనికి దొరకదు. కాబట్టి టార్చిలో ఏమీ కనబడలేదని చెప్పులు దులపకుండా తొడుక్కోకూడదు. వెలుతురు కళ్ళలో పడకూడదు, పిల్లల చేతికి ఆటవస్తువుగా ఇవ్వకూడదు. ఛార్జింగ్ బ్యాటరీ ఉన్నదే తీసుకోండి, మామూలు సెల్స్ తొందరగా అయిపోతున్నాయి. మిద్దె ఇల్లు, రాతిగోడ, చేను పక్కన కాపురం ఉన్నవాళ్ళైతే 365ది తీసుకోండి. టౌన్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌కి ఈ ఖర్చు అక్కర్లేదు.