బల్లార్షాలో చెక్కపని శిక్షణ: మూడు నెలల అనుభవం

మహారాష్ట్రలో తెలుగువాళ్లుండే సిరొంచ నుంచి వచ్చి, అదే రాష్ట్రంలోని బల్లార్షాలో గది అద్దెకు తీసుకుని ఈ ఫర్నిచర్ తయారీ శిక్షణ పూర్తి చేశాను. అయోధ్య రామాలయ తలుపులకు 2023లో టేకు వెళ్లింది ఈ ఊరి కలప డిపో నుంచే. చెక్కపని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తోచలేదు.

గురువుగారు తొలి రెండు వారాలు మిషను ముట్టనివ్వలేదు. చిత్రిక, ఉలి, రంపం, అంతే. నార వాలుకు ఎదురుగా చిత్రిక పట్టేసరికి పలక మీద పీచు లేచింది. ఆయన పలకను తిప్పి పెట్టించారు. ఈసారి ఉల్లిపొరలాంటి పొట్టు చుట్టలు చుట్టలుగా రాలింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

"కుసి బెజ్జంలో బిగువుగా కూర్చుంటే మేకుతో పనేముంది తల్లీ" అనేవారు. కుసి అంటే కర్ర చివర చెక్కిన నాలుక, బెజ్జం అంటే అది దూరే రంధ్రం. నేను చేసిన స్టూలులో ఒక్క మేకూ లేదు! కర్రలో తేమ 12 శాతం దగ్గరకు దిగకముందే జోడిస్తే, తర్వాత ఎండి కీళ్లు వదులవుతాయని మీటరు పెట్టి చూపించారు.

కంప్యూటర్‌లో డిజైన్ గీసే పాఠాన్ని మాత్రం నాలుగు రోజుల్లో ముగించారు, అదీ మరాఠీలోనే. తెలుగు బడిలో చదివిన మాకు సగం అందలేదు. చాలా బాధపడ్డాను. రంపపు పొట్టు పీల్చే యంత్రం కూడా లేదు, మంచి మాస్కు వెంట తీసుకెళ్లండి.