చిగురు కోసం అంగిలి ముక్కా, ల్యాబ్ పొరా? ఏది మేలు?

"అంగిలి కోయకుండా కుదరదా డాక్టరుగారూ? ల్యాబ్‌లోనే చిగుళ్ళు పెంచుతున్నారట కదా!" ఈ మాట అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. మొన్న అడిగినాయన రిటైరైన లెక్కల మాస్టారు. కింది ముందు పళ్ళ దగ్గర, పంటి చుట్టూ కదలకుండా అంటుకుని ఉండే గట్టి చిగురు మిల్లీమీటరు కూడా మిగల్లేదు. అంగిలి నుంచి ముక్క తీసి అక్కడ అతకాలన్నాను. బ్రష్ తగిలితే చాలు, రక్తం. ఫోన్లో వార్త తెరిచి మరీ నిలదీశారు.

వార్త అబద్ధమేం కాదు. జింటూయిట్ అనే ల్యాబ్ పొరకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012 మార్చిలోనే అనుమతి ఇచ్చింది. కాకపోతే అందులో ఉన్నవి నోటి కణాలు కావు. పసిపిల్లలకు సున్తీ చేసినప్పుడు తీసేసే చర్మంలోని కణాల్ని, ఆవు కొల్లాజెన్ ఆసరాతో రెండు పొరలుగా పెంచుతారు. (ఆవు అనగానే మాస్టారి భార్య ఆయన వైపు ఒక చూపు చూశారు.)

నొప్పి సంగతికొస్తే ల్యాబ్ పొరకే నా ఓటు. అంగిలి నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్ల మందాన ముక్క తీస్తే, అతికిన చోటు కంటే తీసిన చోటే ఎక్కువ సలుపుతుంది. పైన ప్లాస్టిక్ ప్లేటు పెట్టుకోవాలి, వారం పది రోజులు చల్లటి మజ్జిగన్నంతో సరిపెట్టుకోవాలి. అతికిన ముక్క రంగు కూడా చుట్టుపక్కల చిగురుతో కలవదు, సైకిల్ ట్యూబుకు వేసిన పంక్చరు అతుకులా తెల్లగా కనిపిస్తుంది.

అయినా నేను అంగిలి వైపే మొగ్గుతాను. ఎందుకంటే అంగిలి ముక్క నారు, ల్యాబ్ పొర ఎరువు.

పైన గట్టి పొర రావాలా, మెత్తటి పొర రావాలా అన్నది తేల్చేది కింద ఉన్న కణజాలమే. 1975లో కారింగ్, లాంగ్, లో అనే ముగ్గురు పరిశోధకులు కోతుల మీద ప్రయోగం చేసి చూపించింది ఇదే. గట్టి చిగురు కింది కణజాలాన్ని తీసుకెళ్ళి వదులు పొర ఉన్న చోట నాటితే, దాని మీద గట్టి చిగురే వచ్చింది. అంగిలి ముక్క ఆ గుణాన్ని వెంట తెచ్చుకుంటుంది, నాటిన చోటే బతుకుతుంది. ల్యాబ్ పొరలోని పరాయి కణాలు అక్కడ శాశ్వతంగా ఉండవు. ఉన్నన్నాళ్ళూ పెరుగుదల రసాయనాలు వదిలి, పక్కనున్న మన చిగురునే పాకమని ప్రోత్సహిస్తాయి. రంగు చక్కగా కలిసేదీ అందుకే, వెడల్పు తక్కువ వచ్చేదీ అందుకే. 96 మందికి నోట్లో ఒక పక్క ఇదీ, మరో పక్క అదీ వేసి ఆరు నెలలకు కొలిస్తే, ల్యాబ్ పొర వేసిన చోట గట్టి చిగురు సగటున 3.2 మిల్లీమీటర్లు, అంగిలి ముక్క వేసిన చోట 4.6. రెండు మిల్లీమీటర్లు చాలనుకుంటే ల్యాబ్ పొర కూడా పాసైనట్టే. పేషెంట్లలో ఎక్కువమంది దాన్నే మెచ్చారు కూడా. కానీ మాస్టారిలా పక్కన ప్రోత్సహించడానికే చిగురు లేనివాళ్ళకు ఎరువు వేసి ఏం లాభం?

మన నోటి కణాల్నే పెంచి మనకే వేయడం మూడో దారి. మిచిగాన్ యూనివర్సిటీలో దాన్ని చేసి చూశారు. గోరంత ముక్క తీసి, వారాల తరబడి ఆగాలి, కోత రెండుసార్లు. నోటి పొరను పెంచి కంటికి వేసే పని మన హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళకు తెలిసిందే. అక్కడ చూపు పణంగా ఉంది కాబట్టి అంత శ్రమ పడొచ్చు, రెండు పళ్ళ కోసం పడమంటే ఎవరు పడతారు?

పంది కొల్లాజెన్ పొర, దాతల చర్మం కూడా ఉన్నాయి. అంగిలి పలచగా ఉన్నవాళ్ళకు పనికొస్తాయి, అంతే.

నోరంతా చిగురు దిగిపోయి, అంగిలిలో తీయడానికి సరిపడా చోటు లేకపోతే మాత్రం నేనే ల్యాబ్ పొర కావాలంటాను. మాస్టారికి ఆ అవసరం రాలేదు. అంగిలి నుంచే తీశాం. మూడో రోజు ఫోన్ చేసి, ఆవకాయ ఎప్పటినుంచి తినొచ్చని అడిగారు.