స్కాలర్‌షిప్ సెర్చ్ సర్వీసు: జాబితా వద్దు, మెంటర్ కోసం చేరొచ్చు

డిగ్రీ ఆఖరి ఏడాదిలో డబ్బు కట్టి ఒక స్కాలర్‌షిప్ సెర్చ్ సైట్‌లో చేరాను. వెతకడం వరకైతే నిరాశే. వివరాలన్నీ నింపాక పొడవాటి జాబితా ఇస్తుంది కానీ సగం మనకు వర్తించవు; బ్రిటన్ ప్రభుత్వం అక్కడ మాస్టర్స్ చదవడానికిచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కి కనీసం 2,800 గంటల పని అనుభవం కావాలి, ఇంకా చదువుకుంటున్న నాకు దాన్నే అన్నిటికంటే పైన చూపించింది. కొన్ని గడువు తేదీలు కూడా పాతవి. అధికారిక పేజీలో సరిచూసుకోకపోయి ఉంటే ఒక అప్లికేషన్ చేజారిపోయేది.

అదే సైట్‌లో అప్లికేషన్ వ్యాసం దిద్దే మెంటర్ మాత్రం నిజంగా గొప్పగా సాయం చేశారు. మొదటి డ్రాఫ్ట్ చదివి "ఇందులో నీ మార్కులున్నాయి, నువ్వు లేవు" అన్నారు. బాధేసింది, కానీ నిజం. ఆ సబ్జెక్టే ఎందుకు, స్కాలర్‌షిప్ వస్తే ఏం చేస్తావు అని అడుగుతూ ఆరుసార్లు తిరగరాయించారు. సిఫారసు లేఖ కోసం ప్రొఫెసర్‌ని కనీసం నెల ముందు అడగాలని, అడిగేటప్పుడే రెజ్యూమె, వ్యాసం డ్రాఫ్ట్ చేతికివ్వాలని చెప్పిందీ ఆవిడే.

జాబితా కోసమైతే డబ్బు పెట్టకండి, ముందు మీ కాలేజీలో అడగండి, ఆక్స్‌ఫర్డ్‌లో చదవడానికిచ్చే రోడ్స్ స్కాలర్‌షిప్ లాంటి వాటికి కొన్ని దేశాల్లో కాలేజీ ఆమోదం ఎలాగూ కావాలి. మెంటర్ కోసమైతే గడువుకి రెండు నెలల ముందే చేరండి, చివరి వారంలో ఎవరూ ఖాళీగా దొరకరు.