స్టీము లైనుకు నూటికి నూరు, నీళ్ళ లైనుకు అత్తెసరు

మా బావమరిది గాజువాక ఆటోనగర్‌లో హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికే లాండ్రీ పెట్టాడు. కొత్త షెడ్డు, గంటకు టన్ను ఆవిరి ఇచ్చే బాయిలర్. నేను స్టీల్ ప్లాంటులో ఫిట్టర్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను కాబట్టి పైపుల పని నా నెత్తినేశాడు. డ్రాయింగులు ద్వారకానగర్‌లో ఒక చిన్న కన్సల్టెన్సీ చేత గీయించాం. ఫీజు 75 వేలు. పేరు రాయను, ఎందుకో చదివితే తెలుస్తుంది.

మా ఫ్యాబ్రికేటర్ మెయిన్ లైను 80 ఎంఎం వేసేద్దామన్నాడు. "పెద్దదైతే పోయేదేటి గురూగారూ?" అని. పోయేది వేడి. పైపు లావయ్యేకొద్దీ వేడి ఎక్కువ పోయి ఆవిరి దారిలోనే నీరవుతుంది. పైపుకీ, వేడి పోకుండా దానికి చుట్టే రాక్‌వూల్‌కీ ఖర్చు వేరే. కన్సల్టెన్సీ నుంచి వచ్చిన ఇంజనీరమ్మాయి నా ఎదురుగానే లెక్క కట్టింది. 10 కేజీల ప్రెషర్ దగ్గర, సెకనుకు 25 మీటర్ల వేగానికి 50 సరిపోతుంది. దసరాకి రెండో ఐరనర్ (ఆవిరి వేడితో దుప్పట్లు ఇస్త్రీ చేసే యంత్రం) వస్తుందంటే 65కి మార్చింది.

బాయిలర్ నుంచి ఐరనర్‌కు 48 మీటర్లు. ఆ ప్రెషర్‌లో ఆవిరి వేడి 184 డిగ్రీలు, ఇనుము దాదాపు 9 సెంటీమీటర్లు సాగుతుంది. రెండు చివర్లా పైపును కదలకుండా పట్టే యాంకర్లు పెట్టి, సాగినది చెరో వైపు నుంచి సగం సర్దుకునేట్టు మధ్యలో పైపును వంచి లూపు వేసింది. అదీ నిలువుగా కాదు, నీళ్ళు నిలవకుండా పడుకోబెట్టి. లైనంతా మీటరుకు సెంటీమీటరు చొప్పున ఆవిరి పోయే వైపుకే వాలు. మొదటిసారి స్టీము వదిలే రోజు లూపు పక్క సపోర్టు మీద సుద్దతో గీత పెట్టాను. వాల్వు పావు తిప్పు తిప్పి ఆగాం, ట్రాపుల్లోంచి (ఆవిరిని ఆపి నీళ్ళనే బయటికి వదిలేవి) నీళ్ళన్నీ పోయాక మరో పావు. లైను వేడెక్కాక టేపు పెడితే పైపు 4 సెంటీమీటర్ల పైచిలుకు జరిగింది. ఒక్క దెబ్బ చప్పుడు లేదు. ముప్పయ్యేళ్ళు వాటర్ హ్యామర్ (ఆవిరి తోసిన నీళ్ళు పైపును కొట్టే మోత) విన్న చెవులివి, ఆ నిశ్శబ్దం విలువ నాకు తెలుసు.

3.5 కేజీల ప్రెషర్ దాటిన స్టీము లైను ఐబీఆర్ (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్) కిందికొస్తుంది. ఆ కాగితాల పనంతా వాళ్ళే చూసుకున్నారు.

ఇక నీళ్ళ సంగతి. ఈ డ్రాయింగులు ఎవరో వేరే కుర్రాడు గీసినట్టున్నాడు. ఐరనర్ నుంచి తిరిగొచ్చే కండెన్సేట్ (ఆవిరి వేడి ఇచ్చేశాక మిగిలే నీళ్ళు) లైనుకు మామూలు నీళ్ళ లెక్క వేసి 20 ఎంఎం రాశాడు. 10 కేజీల ప్రెషర్ నుంచి బయటపడ్డ నీళ్ళు అచ్చంగా నీళ్ళుగా ఉంటాయా? 100 కేజీల నీళ్ళలో 16 కేజీల దాకా మళ్ళీ ఆవిరైపోతాయి, దానికి చోటు కావాలి. నేను పట్టుకోకపోతే ట్రాపు వెనక్కి తన్ని ఐరనర్ తడిసేది. ఫోన్ చేస్తే మర్యాదగానే సరిచేశారు, 40 అయింది.

పట్టుకోలేకపోయింది ఇంకోటుంది, అందులో నా తప్పూ ఉంది. వాషింగ్ మెషీన్లు నాలుగింటికీ కలిపి ఒకే గేట్ వాల్వు. మొన్న మూడో మెషీన్ దగ్గర జాయింటు కారితే ఆ లైన్లో అన్నీ ఆపాల్సొచ్చింది. బీచ్ రోడ్డు హోటలు వాళ్ళు దుప్పట్లకోసం వ్యాను పంపి కూర్చున్నారు. బావమరిది నన్ను చూసిన చూపు చెప్పను. తర్వాత మెషీనుకో బాల్ వాల్వు నేనే బిగించాను, ఖర్చు మాదే.

రెండో ఐరనర్ లైను మళ్ళీ వాళ్ళకే ఇస్తున్నాం. ఆ అమ్మాయే గీయాలని ముందే చెప్పాను.